చెట్టు లోపలి శిలీంధ్రం: ఇంధనం, మందు, ఇంకా తేలని లెక్క

దక్షిణ చిలీలో, పటగోనియా వానల అడవుల్లో ఉల్మో అనే చెట్టు పెరుగుతుంది. తెల్లని పూలు పూస్తుంది. ఆ పూల తేనెకు ఆ దేశంలో మంచి పేరుంది. అమెరికాలోని మోంటానా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్యారీ స్ట్రోబెల్ బృందం ఈ చెట్టు లోపలి నుంచి ఒక శిలీంధ్రాన్ని వేరు చేసింది. విషవాయువులు వదిలి ఇతర సూక్ష్మజీవులను చంపే ఇంకో శిలీంధ్రం పక్కన దాన్ని పెట్టి చూశారు. అది చావలేదు సరికదా, తానూ ఏవో ఆవిర్లు వదలసాగింది. వాటిని విశ్లేషిస్తే డీజిల్‌లో ఉండే రకం హైడ్రోకార్బన్లు కనిపించాయి. 2008 నవంబరులో ఈ సంగతి ప్రచురిస్తూ ఆ ఆవిర్లకు ‘మైకో-డీజిల్’ అని పేరు పెట్టారు.

వార్త ప్రపంచమంతా పాకింది. పాకడానికి కారణం ఉంది. గడ్డి నుంచో, కట్టె నుంచో ద్రవ ఇంధనం తీయాలంటే ముందు అందులోని సెల్యులోజ్‌ను చక్కెరగా విడగొట్టాలి. ఆ చక్కెరను ఈస్టుతో పులియబెట్టాలి. తర్వాత నీళ్ళలోంచి ఇథనాల్‌ను స్వేదనం చేసి వేరు చేయాలి. ఈ శిలీంధ్రమేమో సెల్యులోజ్ తిని నేరుగా ఇంధనం లాంటి పదార్థం ఇస్తోందన్నారు. అదే నిజమైతే మధ్యలోని ఖర్చులో చాలా భాగం తప్పినట్టే. ఆ ఆశ ఏమైందో చూసే ముందు, అసలు చెట్టు లోపల శిలీంధ్రానికి ఏం పని అన్నది తెలుసుకోవాలి. ఇంధనం సంగతీ, మందుల సంగతీ రెండూ ఆ ప్రశ్నలోనే ఉన్నాయి.

శిలీంధ్రం అనగానే మనకు తడిగోడ మీది బూజు, వాన వెలిశాక లేచే పుట్టగొడుగు, మిరపతోటలో కాయకుళ్ళు గుర్తొస్తాయి. కానీ మచ్చా మరకా లేని పచ్చని ఆకు లోపల కూడా, కణాల మధ్య సందుల్లో, సన్నని పోగులుగా శిలీంధ్రాలు కాపురం ఉంటాయి. చెట్టుకు జబ్బు చేయవు, బయటికి ఆనవాలు ఇవ్వవు. వీటినే ఎండోఫైట్లు అంటున్నారు. ఈ పేరు జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ 1866లో వాడినది. ఇప్పటిదాకా వెతికిన మొక్కల్లో ఇవి లేని మొక్క దాదాపు లేదనే చెప్పాలి. పనామాలోని బారో కొలరాడో దీవిలో ఎలిజబెత్ ఆర్నాల్డ్ బృందం రెండే జాతుల చెట్ల నుంచి 83 ఆరోగ్యమైన ఆకులు కోసి వెతికింది. చూపులకే తేడా తెలిసే 418 రకాల శిలీంధ్రాలు అందులో దొరికాయి. 2000లో వచ్చిన ఈ లెక్క ఉష్ణమండల అడవుల మీద శాస్త్రవేత్తల చూపునే మార్చేసింది.

వీటిని బయటికి తీయడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఆకును కుళాయి నీళ్ళలో కడుగుతారు. 70 శాతం ఆల్కహాల్‌లో కాసేపు, ఆపైన సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో కొన్ని నిమిషాలు ముంచుతారు. దాంతో ఆకు పైపొర మీద అంటుకున్నవన్నీ చస్తాయి. శుద్ధిచేసిన నీళ్ళలో మళ్ళీ కడిగి, చిన్న ముక్కలుగా కోసి, బంగాళాదుంప కషాయం కలిపిన అగార్ మీద పెడతారు. బాక్టీరియా రాకుండా కాస్త యాంటీబయాటిక్ కలుపుతారు. కొద్ది రోజులకు కోసిన అంచుల నుంచి తెల్లగానో, బూడిదరంగులోనో పోగులు పాకుతూ బయటికొస్తాయి. చివరిసారి కడిగిన నీళ్ళను కూడా వేరే పళ్ళెంలో పోసి చూడాలి. అందులో ఏదీ మొలవకపోతేనే, వచ్చినది ఆకు లోపలిదని నమ్మాలి. ఈ ఆఖరి పరీక్ష ఎగ్గొట్టిన పరిశోధన పత్రాన్ని నేను నమ్మను.

మరి చెట్టు వీటిని ఎందుకు ఉండనిస్తుంది? ఒకే జవాబు లేదు. మిరపలో కాయకుళ్ళు తెచ్చే కొల్లెటోట్రైకమ్ ప్రజాతినే తీసుకోండి. గుంటూరు, ఖమ్మం రైతులకు దాని దెబ్బ తెలుసు. అదే ప్రజాతికి చెందిన ఎన్నో శిలీంధ్రాలు వేరే చెట్ల ఆకుల్లో కిమ్మనకుండా బతుకుతాయి. 1993లో ఫ్రీమన్, రోడ్రిగెజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, పుచ్చ, దోస జాతులకు తెగులు తెచ్చే ఒక కొల్లెటోట్రైకమ్‌లో ఒక్క జన్యువు మారితే చాలు, అది జబ్బు చేయడం మానేసి మొక్క లోపల ఒదిగిపోతుందని చూపారు. ఒదిగిపోవడమే కాదు, అసలు తెగులు సోకకుండా మొక్కను కాపాడింది కూడా. శత్రువుకీ కాపలాదారుకీ మధ్య దూరం అంత తక్కువ.

కొన్ని ఎండోఫైట్లు చెట్టుకు నిజంగా మేలు చేస్తాయి. కొన్ని ఏమీ చేయవు. ఇంకొన్ని ఆకు ముదిరి రాలేదాకా ఎదురుచూసి, రాలిన మరుక్షణం దాన్ని తినడం మొదలుపెడతాయి. ముందే లోపల ఉన్నాయి గనుక బయటి నుంచి వచ్చే శిలీంధ్రాల కంటే వాటికి మొదటి ముద్ద దక్కుతుంది. ఈ మూడో రకం ఇంధనం గురించి ఆలోచించేవాళ్ళకు ముఖ్యం. సెల్యులోజ్‌ను అరిగించే ఎంజైములు వాటి దగ్గర సిద్ధంగా ఉంటాయి.

లోపలి శిలీంధ్రం ఎంత బలమైన రసాయనం చేయగలదో ముందుగా పశువులే చెప్పాయి. అమెరికాలో మేతకు వేసే టాల్ ఫెస్క్యూ అనే గడ్డి బాగా ఏపుగా, కరవుకు తట్టుకుని పెరిగేది. కానీ దాన్ని మేసిన పశువులు చిక్కిపోయేవి, ఎండకు తాళలేకపోయేవి, కొన్నిటి గిట్టలు పుచ్చిపోయేవి. 1977లో చార్లెస్ బేకన్ బృందం ఆ గడ్డి లోపలున్న శిలీంధ్రానికీ ఈ జబ్బుకీ ముడి ఉందని చూపింది. అది తయారుచేసే ఎర్గోవలీన్ రక్తనాళాలను బిగిస్తుంది. శిలీంధ్రాన్ని తీసేసిన గడ్డి వేస్తే పశువులు కోలుకున్నాయి, గడ్డి మాత్రం పురుగుకూ కరవుకూ లొంగిపోయింది. న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు తమ రై గడ్డికి ఇంకో దారి కనిపెట్టారు. పశువుకు హాని చేయకుండా పురుగును మాత్రం తరిమే శిలీంధ్ర రకాలను వెతికి, వాటిని గడ్డి విత్తనంలోనే చేర్చి రైతులకు అమ్ముతున్నారు. ఎండోఫైట్ల పరిశోధనలో రైతు పొలం దాకా నిజంగా చేరిన పని ఇది. మందుల వార్తల హోరులో దీన్ని ఎవరూ తలవరు.

మందుల సంగతి టాక్సాల్ అనే కేన్సర్ మందుతో మొదలవుతుంది. 1962లో అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ బార్‌క్లే వాషింగ్టన్ రాష్ట్రంలో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు సేకరించారు. మన్రో వాల్, మన్సుఖ్ వాణీ ఇద్దరూ అందులోంచి కేన్సర్ కణాలను ఆపే పదార్థాన్ని వేరు చేసి, దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. ఆ వాణీ మన దేశంలో పుట్టి అమెరికా వెళ్ళిన రసాయన శాస్త్రవేత్త. 1979లో సుసాన్ హార్విట్జ్ అది పనిచేసే తీరు వివరించారు. కణం రెండుగా చీలేటప్పుడు లోపల కట్టుకునే సన్నని గొట్టాలను అది విడిపోకుండా పట్టేస్తుంది, కణం విభజన అక్కడితో ఆగిపోతుంది. 1992 డిసెంబరులో అండాశయ కేన్సర్‌కు మందుగా దానికి అనుమతి వచ్చింది. ఇబ్బందల్లా చెట్టుతోనే. ఒక్క గ్రాము మందుకు దాదాపు 10 కిలోల బెరడు కావాలి. బెరడు ఒలిస్తే చెట్టు చస్తుంది. అదేమో అతి నెమ్మదిగా పెరిగే చెట్టు.

సరిగ్గా ఆ సమయంలో, 1993లో, స్ట్రోబెల్, ఆండ్రియా స్టీర్ల్, డోనాల్డ్ స్టీర్ల్ కలిసి ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. మోంటానాలోని యూ చెట్టు బెరడులో ఉండే ఒక శిలీంధ్రం, చెట్టు సాయం లేకుండానే, సీసాలో టాక్సాల్ తయారుచేస్తోందని అందులో రాశారు. ఆ శిలీంధ్రానికి ఆండ్రియా పేరు మీద టాక్సోమైసెస్ ఆండ్రియానే అని పేరు పెట్టారు. ఎండోఫైట్ల వెనక పరిశోధకులు పరుగెత్తడం ఆ వ్యాసంతోనే ఊపందుకుంది.

కానీ ఆ వ్యాసంలోనే ఉన్న ఒక అంకెను చాలామంది దాటేశారు. లీటరు ద్రవంలో వచ్చిన టాక్సాల్ 24 నుంచి 50 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఆ లెక్కన ఒక్క గ్రాము రావాలంటే 2 కోట్ల నుంచి 4 కోట్ల లీటర్ల ద్రవంలో శిలీంధ్రాన్ని పెంచాలి. ఒక రోగికి ఒక విడతలో ఇచ్చే మోతాదు దాదాపు 300 మిల్లీగ్రాములు. తర్వాత ఇంకా ఎక్కువ వచ్చిందని కొన్ని బృందాలు ప్రకటించాయి గానీ ఏదీ కర్మాగారం గడప ఎక్కలేదు. 2013లో జర్మనీ పరిశోధకులు అసలు టాక్సోమైసెస్‌తో సహా ఇలాంటి శిలీంధ్రాలను మళ్ళీ పరీక్షించి, అవి సొంతంగా టాక్సాల్ చేస్తున్నాయనడానికి ఆధారం దొరకలేదని తేల్చారు. మరోపక్క కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో ఇంకో ముచ్చట చెప్పారు. యూ చెట్టులో ఉండే ఒక శిలీంధ్రం, కొమ్మలు పగిలే చోట్లకు చేరి, కట్టెను కుళ్ళబెట్టే ఇతర శిలీంధ్రాలు చొరబడకుండా అక్కడ టాక్సాల్‌తో అడ్డుకట్ట కడుతోందట. వాదం ఇంకా తెగలేదు. మందు మాత్రం ఇప్పుడు రోగులకు వేరే దారుల్లో అందుతోంది. యూరప్ యూ చెట్టు ఆకుల్లో దొరికే ఒక పూర్వపదార్థాన్ని ప్రయోగశాలలో టాక్సాల్‌గా మారుస్తున్నారు, లేదా యూ కణాలను పెద్ద తొట్లలో పెంచి తీస్తున్నారు.

ఎందుకు ఇలా జరుగుతుందన్నదానికి ఇంకో కేన్సర్ మందు మరింత తేటగా జవాబిస్తుంది. క్యాంప్టోథెసిన్ అనే పదార్థాన్ని మన్రో వాల్ బృందమే 1966లో ఒక చైనా చెట్టు నుంచి వేరు చేసింది. టోపోటెకాన్, ఇరినోటెకాన్ అనే మందులకు మూలం అదే. మన పడమటి కనుమల్లో పెరిగే నోతపోడైటిస్ చెట్టులోనూ అది ఉంది. మహారాష్ట్రలో దాన్ని నర్క్యా అంటారు. ఆ కారణంగానే ఆ చెట్లను విపరీతంగా నరికారు. 2005లో జమ్మూ పరిశోధకులు ఆ చెట్టు లోపలి ఒక శిలీంధ్రం క్యాంప్టోథెసిన్ చేస్తోందని ప్రకటించారు. ఆ తర్వాత జర్మనీలోని డార్ట్‌మండ్‌లో సౌవిక్ కుసారి, మైఖేల్ స్పిటెల్లర్ చైనా చెట్టులోని ఫ్యుసేరియం సొలాని అనే శిలీంధ్రాన్ని పట్టి లోతుగా చూశారు. పళ్ళెం నుంచి పళ్ళేనికి మారుస్తూ పెంచుకుంటూ పోతే తరం తరానికీ ఉత్పత్తి పడిపోయింది. ఏడో తరానికి దాదాపు ఏమీ మిగల్లేదు.

కారణం వెతికితే, ఈ రసాయనం తయారయ్యే దారిలో కీలకమైన ఒక ఎంజైము శిలీంధ్రం దగ్గర లేదని తేలింది. ఆ మెట్టు కాడికి వచ్చేసరికి అది చెట్టు ఎంజైమును వాడుకుంటోంది. చెట్టు నుంచి విడదీస్తే ఆ సాయం పోతుంది, మిగతా జన్యువులు కూడా క్రమంగా పట్టు తప్పుతాయి. ఏడో తరం శిలీంధ్రాన్ని తిరిగి చెట్టులోకి ఎక్కించినా పాత సామర్థ్యం రాలేదు. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో ఇంతకంటే ముఖ్యమైన ప్రయోగం లేదు. మనం శిలీంధ్రం గుణం అనుకున్నది రెండు జీవుల పొత్తులో పుట్టిన గుణం. ఒకదాన్ని సీసాలోకి తెచ్చి మిగతాది కూడా వెంట వస్తుందనుకోవడమే ఇన్నేళ్ళ నిరాశకు మూలం.

జన్యుపటాలు చదవడం మొదలయ్యాక ఇంకో సంగతి బయటపడింది. ఒక్కో శిలీంధ్రంలో రసాయనాలు తయారుచేసే జన్యు సముదాయాలు పదుల్లో ఉంటాయి. ప్రయోగశాలలో అది చేసి చూపేవి మాత్రం కొన్నే. మిగతా జన్యువులు పెళ్ళివంటకు మాత్రమే అటక దించే గుండిగల్లాంటివి, అవసరం పడితే తప్ప కదలవు. పోటీ లేదు, పురుగు లేదు, చెట్టు సంకేతం లేదు, కడుపునిండా చక్కెర ఉంది. అలాంటప్పుడు అంత శ్రమపడి విషం తయారుచేయాల్సిన అవసరం దానికేముంది? అందుకే ఇప్పుడు రెండు మూడు సూక్ష్మజీవులను ఒకే పళ్ళెంలో పెంచి కయ్యం పెడుతున్నారు. డీఎన్ఏ చుట్టలను వదులు చేసే రసాయనాలు కలిపి నిద్రపోయే జన్యువులను లేపుతున్నారు. కొన్నిచోట్ల ఆ జన్యువులను ఎత్తుకెళ్ళి ఈస్టులో పెడుతున్నారు.

ఇన్ని అడ్డంకుల మధ్య కూడా మందుల దుకాణం దాకా వచ్చినది ఒకటుంది. స్పెయిన్‌లో జునిపర్ చెట్టు ఆకుల్లోంచి తీసిన హార్మొనీమా అనే శిలీంధ్రంలో ఎన్ఫ్యుమాఫంగిన్ అనే పదార్థం దొరికింది. ఇతర శిలీంధ్రాలు తమ కణాల గోడ కట్టుకోవడానికి వాడే గ్లూకాన్ అనే పదార్థం తయారీని అది ఆపుతుంది. మనిషి కణానికి అలాంటి గోడ లేదు కాబట్టి మనకు ఆ దెబ్బ తగలదు. దాన్ని రసాయనికంగా సవరించి ఇబ్రెక్సాఫంజెర్ప్ అనే మందు చేశారు. 2021 జూన్‌లో అమెరికాలో, స్త్రీలకు వచ్చే క్యాండిడా ఇన్ఫెక్షన్‌కు దాన్ని అనుమతించారు. ఇదే గ్లూకాన్ తయారీని అడ్డుకునే పాత మందులను సెలైన్‌లా నరంలోకి ఎక్కించాల్సి వచ్చేది, ఇది మాత్రగా మింగవచ్చు. పదార్థం వివరాలు 2000లో ప్రచురించారు. అంటే ఆకు నుంచి మాత్ర దాకా 20 ఏళ్ళకు పైగా పట్టింది. 1999లో కాంగోలో ఒక ఆకు లోపలి శిలీంధ్రం నుంచి, నోటితో ఇస్తే ఇన్సులిన్ లాగా పనిచేసి ఎలుకల్లో చక్కెర తగ్గించిన పదార్థం మెర్క్ సంస్థ శాస్త్రవేత్తలకు దొరికింది. మధుమేహం ఇంటింటా ఉన్న మన రాష్ట్రాల్లో ఆ వార్త ఎంత ఆశ పెట్టగలదో చెప్పనక్కర్లేదు. అది మందు కాలేదు.

ఇక మళ్ళీ డీజిల్ దగ్గరికి వద్దాం. ఉల్మో చెట్టు శిలీంధ్రాన్ని మొదట గ్లియోక్లాడియం రోజియం అనుకున్నారు, తర్వాత అది ఆస్కోకొరైన్ ప్రజాతిదని తేలింది. 2010లో మరింత జాగ్రత్తగా కొలిచినప్పుడు, మొదట చెప్పిన పొడవాటి, కొమ్మలున్న డీజిల్ అణువులు కనబడలేదు. ఆరు నుంచి తొమ్మిది కార్బన్లున్న ఆల్కహాళ్ళు, కీటోన్లు, ఆల్కేన్లు మాత్రం వచ్చాయి. అవీ మండేవే, కానీ పెట్రోలు బంకు నింపేంత రావు. 2012లో దాని జన్యుపటం కూడా చదివారు, ఏ జన్యువులు ఆ అణువులను చేస్తున్నాయో పట్టుకోవడానికి. నీలగిరి తైలంలో ఉండే సినియోల్‌ను తయారుచేసే ఇంకో ఎండోఫైట్ కేనరీ దీవుల చెట్టులో దొరికింది. ఇంధనంలో కలపడానికి సినియోల్ పనికొస్తుంది గనుక దాని మీదా పని జరుగుతోంది. ఈ ఆవిర్ల దారిలో మనకు దక్కేది పీపాల కొద్దీ ఇంధనం అని నేననుకోను. దక్కేవి జన్యువులు, ఎంజైములు.

ఇంకో దారి నూనె. ఎండు బరువులో 20 శాతం మించి కొవ్వు నిల్వచేసే శిలీంధ్రాలు ఎండోఫైట్లలోనూ ఉన్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2011లో కొల్లెటోట్రైకమ్, ఆల్టర్నేరియా రకాలను ఇందుకోసమే పరీక్షించారు. ఆ నూనెను మెథనాల్‌తో చర్య జరిపితే బయోడీజిల్ వస్తుంది. అయితే శిలీంధ్రానికి పెట్టే మేత చక్కెరే అయితే ఖర్చు గిట్టదు. వరిగడ్డి, చెరకు పిప్పి లాంటి వ్యర్థం మీద పెరగాలి. ఇరవై ఏళ్ళ కిందట అడవి ఆముదం వేస్తే బయోడీజిల్ పండుతుందని ఎంతగా చెప్పారో, వేసిన రైతుకు చివరికి ఏం మిగిలిందో మనకు గుర్తుంది. కాబట్టి కిలో గడ్డికి ఎంత నూనె, ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుతో అన్న మూడు అంకెలు చెప్పని ఏ ఇంధన వార్తనూ నమ్మకండి.

ఇంధనంలో శిలీంధ్రాల అసలు బలం ఇప్పటికైతే ఎంజైముల్లోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాల నూలుబట్ట చివికిపోతుంటే, దానికి కారణమైన శిలీంధ్రాన్ని పట్టుకున్నారు. అదే ట్రైకోడెర్మా రీసియై. ఇప్పుడు ప్రపంచమంతా సెల్యులోజ్‌ను చక్కెర చేసే ఎంజైములు ఎక్కువగా దాని వారసుల నుంచే వస్తున్నాయి. మన రైతులు పశువుల ఎరువులో కలిపి వేరుకుళ్ళుకు వాడే ట్రైకోడెర్మా దీని దాయాదే. 2022 ఆగస్టులో హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ సంస్థ మొదలుపెట్టిన కర్మాగారం ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి దాదాపు 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా కట్టినది. ఇలాంటి చోట ఖర్చు పెంచేవాటిలో ఎంజైములు ముఖ్యం. ఆకు రాలేదాకా లోపల కాచుకుని కూర్చునే ఎండోఫైట్లలో, ఒక్కో చెట్టు గోడను కరిగించడానికి తయారైన కొత్త ఎంజైములు ఉండే అవకాశం ఎక్కువ. వరి మన పంట, వరిగడ్డి మన వ్యర్థం. వెతుకులాట ఇక్కడ మొదలైతే మేలు.

మందుల వైపు మన ఇంటి ముందు వేపచెట్టే ఉంది. ఎరువుల దుకాణంలో వేపనూనె డబ్బా మీద కనిపించే 1500 పీపీఎం అన్నది అందులోని అజాడిరాక్టిన్ పాళ్ళు. అది ఎంత చిక్కైన అణువంటే, దాన్ని పూర్తిగా ప్రయోగశాలలో కట్టడానికి ఇంగ్లండులో స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్ళు పట్టింది, 2007లో పూర్తయింది. 2012లో కుసారి బృందం వేప లోపలి ఒక శిలీంధ్రంలో అజాడిరాక్టిన్ ఆనవాళ్ళు చూసింది. టాక్సాల్, క్యాంప్టోథెసిన్ అనుభవాల తర్వాత దీన్ని కూడా తరాల తరబడి పెంచి చూశాకే నమ్మాలి. వేప ఒక్కటే కాదు, శేషాచలం కొండల్లో ఎర్రచందనం, సైకాస్ బెడ్డోమై లాంటివి ఉన్నాయి. వాటి సహజ నివాసం ఈ తూర్పు కనుమల ప్రాంతమే. కొన్ని ఎండోఫైట్లు ఒకే చెట్టును నమ్ముకుని ఉంటాయి. చెట్టు పోతే పేరు కూడా పెట్టకముందే అవీ పోతాయి. చెన్నైలో టి.ఎస్. సూర్యనారాయణన్ లాంటివారు దక్షిణాది అడవుల్లో ఎన్నో ఏళ్ళుగా ఎండోఫైట్లను వెతికే పని చేస్తూ వచ్చారు. ఈ సంపద మీద హక్కు కాపాడుకోవడమూ తేలిక కాదు. వేపనూనెతో శిలీంధ్రాలను అణచడంపై యూరప్‌లో ఇచ్చిన పేటెంటును రద్దు చేయించడానికి మనవాళ్ళు 2005 దాకా పోరాడాల్సి వచ్చింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం మన సూక్ష్మజీవులను విదేశాలకు ఇవ్వాలంటే అనుమతి తప్పనిసరి.

సూక్ష్మజీవశాస్త్రం చదివే తెలుగు విద్యార్థులకూ, వాళ్ళ అధ్యాపకులకూ ఒక విన్నపం. మీ కళాశాల ప్రయోగశాలలో ఆల్కహాల్, అగార్, సూక్ష్మదర్శిని ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు. ఏ చెట్టు, ఏ ఊరు, ఏ నెల, ఏ ఆకు అన్నది రాసిపెట్టండి. కడిగిన నీళ్ళ పరీక్ష మానకండి. దొరికిన రసాయనం ఎన్ని తరాలు నిలిచిందో, లీటరుకు ఎంత వచ్చిందో పత్రంలో దాచకుండా రాయండి. పత్రం అచ్చయ్యాక శిలీంధ్రాన్ని ఫ్రిజ్‌లో ఎండిపోనివ్వకుండా, పుణెలోని అఘర్కర్ సంస్థలో ఉన్న జాతీయ శిలీంధ్ర నిధికో, చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల నిధికో పంపండి.